మధ్యలో బిడ్డ, చుట్టూ ఎవరు?

కిందటి డిసెంబరులో మా అమ్మాయి బడి నుంచి ఒక చీటీ తెచ్చింది. నాలుగో తరగతి. ఊరి గురించిన పాఠానికి నమూనా తయారు చేసుకు రావాలట. థర్మోకోల్ షీటు, రంగు కాగితాలు, ఐస్‌క్రీమ్ పుల్లలు, బావి, ఎద్దులబండి, పంచాయతీ ఆఫీసు. సోమవారానికల్లా. చీటీ చివర ఒక వాక్యం: ‘తల్లులు దయచేసి సహకరించగలరు.’ తల్లిదండ్రులు అని కాదు, తల్లులు. అచ్చుతప్పు అనుకోవడానికి లేదు. ఆ బడి బ్రోచర్ మొదటి పేజీలోనే ‘మాది శిశు కేంద్రిత విద్య’ అని పెద్దక్షరాల్లో ఉంది.

నేను బి.ఇడి. కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా పాఠం చెబుతున్నాను. శిశు కేంద్రిత విద్య అనేది నేను ఏటా బోర్డు మీద రాసే శీర్షిక. దాని కింద ఒక వృత్తం గీస్తాను. మధ్యలో శిశువు. చుట్టూ బాణాలు. ఉపాధ్యాయుడు, పాఠ్యప్రణాళిక, పరిసరాలు, సమాజం. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ వృత్తాన్ని ఎవరు మోస్తున్నారని నేను అడగలేదు. నా విద్యార్థినులూ అడగలేదు. వాళ్లలో చాలామంది చంటిపిల్లల్ని తమ అమ్మల దగ్గర వదిలి క్లాసుకి వచ్చినవాళ్లే. (పరీక్షలో రాని ప్రశ్న ఎవరు అడుగుతారు?) ఆ ఆదివారం రాత్రి పదకొండింటికి, పిల్ల నిద్రపోయాక, బావికి గిలక అతికిస్తూ కూర్చుని మొదటిసారి అడిగాను.

ముందే ఒక మాట. యాక్టివిటీలు వచ్చాక పిల్లలకి ఎక్కాలు రావడం లేదని వాపోయే పెద్దమనుషుల పక్షాన నేను లేను. బెత్తం, బట్టీ, గోడకుర్చీ మళ్లీ రావాలని కోరేవాళ్లతో నాకు ఏ పొత్తూ లేదు. నేను ఆ చదువులోంచే వచ్చాను, దాని గుర్తులు నా అరచేతుల మీద ఉన్నాయి. బిడ్డకి తెలిసినదాని నుంచి మొదలుపెట్టాలి, బిడ్డ అడిగే ప్రశ్నకి విలువ ఉండాలి, చేత్తో చేసి నేర్చుకోవాలి, భయం ఉండకూడదు. వీటిలో ఒక్కదాన్ని కూడా నేను వదులుకోను. నా తగాదా ఈ ఆలోచనతో కాదు. ఈ ఆలోచనని నడిపే శ్రమ ఎవరిదో దాచిపెట్టడంతో, దాన్ని ఒక వయసు దగ్గర తెంపేయడంతో, ఆ వయసు దాటిన ఆడదానికి అది అక్కర్లేదనడంతో.

దాచిపెట్టడం కొత్తేమీ కాదు, ఈ సిద్ధాంతం పుట్టినప్పటి నుంచీ ఉంది. ఎక్కడ చూసినా ఈ కథ రూసోతో మొదలవుతుంది. 1762లో ‘ఎమీల్’ వచ్చింది. ప్రకృతి ఒడిలో, తన అనుభవం నుంచి తానే నేర్చుకుంటూ ఎదిగే బాలుడు అందులో నాయకుడు. అయిదో భాగంలో సోఫీ వస్తుంది. ఆమె చదువంతా ఎమీల్‌కి నచ్చేలా, ఎమీల్‌కి ఉపయోగపడేలా తయారవడం కోసమే. ఎమీల్‌కి ప్రపంచం కేంద్రం, సోఫీకి ఎమీల్ కేంద్రం. మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ 1792లోనే దీన్ని చీల్చి చెండాడింది. మా సిలబస్‌లో రూసో ఉన్నాడు, ఆమె లేదు. ఆ ‘ఎమీల్’ రాసినాయన తనకు పుట్టిన అయిదుగురు బిడ్డల్నీ అనాథ శరణాలయంలో వదిలేశాడు. తన ఆత్మకథలో ఆయనే చెప్పుకున్నాడు. అది వ్యక్తిగత విషయం కదా, సిద్ధాంతానికి ఏం సంబంధం అంటారు. సంబంధం ఉంది. ఊహలో పెరిగే పిల్లవాడికి ముక్కు తుడవక్కర్లేదు. అలాంటి పిల్లవాణ్ణి మధ్యలో పెట్టి ఎంత అందమైన వృత్తమైనా గీయొచ్చు.

మరియా మాంటిసోరి విషయం దీనికి తిరగేసిన కథ. 1898లో ఆమెకు పెళ్లి కాకుండా కొడుకు పుట్టాడు. ఆ కాలపు ఇటలీలో పెళ్లి చేసుకుంటే వైద్యవృత్తి పోతుంది, చేసుకోకుండా బిడ్డను దగ్గర పెట్టుకుంటే పరువుతోపాటు అదే వృత్తి పోతుంది. బిడ్డను పల్లెలో వేరేవాళ్ల దగ్గర పెంచమని ఇచ్చేసింది. వాడు పదిహేనేళ్ల వాడయ్యే వేళకి గానీ ఆమె దగ్గరికి చేరలేదు. ఈ లోపల 1907లో రోము నగరంలో, శాన్ లొరెంజో పేటలో, పనికి పోయే తల్లుల పిల్లల కోసం ఆమె మొదటి బాలల ఇల్లు తెరిచింది. రూసో వదిలేసినదాన్నీ మాంటిసోరి వదులుకున్నదాన్నీ ఒకే గాటన కట్టడానికి నాకు నోరు రాదు. ఆయనకి ఎంపిక ఉంది, ఆమెకు ఎంపిక అన్న పేరుతో శిక్ష ఉంది. బిడ్డను కేంద్రంలో పెట్టిన ఆధునిక విద్యకి ఆద్యురాలైన స్త్రీ తన బిడ్డకు దూరంగా ఉండి ఆ పని చేయాల్సి వచ్చింది. ఇవాళ మాంటిసోరి బోర్డు లేని వీధి లేదు, ఈ కథ మాత్రం ఏ బోర్డు మీదా ఉండదు.

మన దేశానికి వద్దాం. భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా బాలమందిరం నడిపాడు. మనకి ‘పగటికల’గా తెలిసిన ‘దివాస్వప్న’ ఆయనదే. గొప్ప మనిషి. ఆయన్ని గుజరాతీ జనం ప్రేమగా ‘మీసాల అమ్మ’ అని పిలిచారు. పసిపిల్లల పని మగవాడు చేస్తే అది బిరుదవుతుంది. అదే బాలమందిరంలో ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్‌ను మీసాలు లేని అమ్మ అని ఎవరూ అనలేదు. ఆమె చేసింది సహజం అనుకున్నారు.

ఆ తారాబాయి గురించి కాస్త ఆగి చెప్పాలి. నా దృష్టిలో శిశు కేంద్రిత విద్య అంటే ఏమిటో మన నేల మీద తేల్చి చూపించింది ఆమే, ఆమె సహచరి అనుతాయి వాఘ్. అనుతాయికి పదమూడేళ్లకి పెళ్లి చేశారు, ఆరు నెలల్లోపే భర్త పోయాడు. అలాంటి మనిషి 1945లో తారాబాయితో కలిసి ఠాణే జిల్లా బోర్డీలో, తర్వాత కోస్‌బాడ్ కొండ మీద ఆదివాసీ పిల్లలకు చదువు మొదలుపెట్టింది. బడి కట్టారు, పిల్లలు రాలేదు. ఎందుకు రాలేదని వీళ్లు వెళ్లి చూశారు. ఆడపిల్లల చంకల్లో తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్నారు. మగపిల్లలు పశువుల వెంట ఉన్నారు. అప్పుడు బడినే పిల్లల దగ్గరికి తీసుకెళ్లారు. వాకిట్లో బడి, అదే అంగన్‌వాడీ. పచ్చికబీడులో బడి. చంకలో బిడ్డ ఉన్న పిల్ల కోసం పెద్దబడి పక్కనే శిశుసంరక్షణ కేంద్రం, దాని పక్కనే బాలవాడి. ఆ పిల్ల తమ్ముణ్ణి ఒక గదిలో దించి ఇంకో గదిలో కూర్చోవచ్చు.

ఈ ఏర్పాటులో ఉన్న ఆలోచన చూడండి. ‘ఈ పిల్లకి ఆసక్తి ఎలా కలిగించాలి’ అన్నది వాళ్ల మొదటి ప్రశ్న కాదు. ‘ఈ పిల్ల చంకలో ఎవరున్నారు, వాళ్లని ఎవరు దించుకుంటారు’ అన్నది మొదటి ప్రశ్న. బిడ్డ ఒంటరిగా మధ్యలో నిలబడి ఉండదని, ఒక ఇంటి పని మొత్తం ఆ బిడ్డను పట్టుకు వేలాడుతుందని వాళ్లకి తెలుసు. అందుకే అది నాకు సిద్ధాంతం కన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

ఆ అంగన్‌వాడీ అన్న మాటని 1975లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం తీసుకుంది. మాట మిగిలింది. ఆ మాట వెనకున్న చూపు పోయింది. చంకలో ఉన్న బిడ్డని దించుకునే స్త్రీకి కూడా ఒక చంక ఉంటుందని పథకం మర్చిపోయింది. ఆమెను కార్యకర్త అన్నారు, జీతాన్ని గౌరవ వేతనం అన్నారు. తూకం వేయాలి, గుడ్లు లెక్కపెట్టాలి, టీకాలకు పిలవాలి, గర్భిణుల వివరాలు ఫోనులో ఎక్కించాలి, ఎన్నికలొస్తే ఆ పనీ చేయాలి. మధ్యలో ఆటపాటలతో ‘శిశు కేంద్రితంగా’ పూర్వ ప్రాథమిక విద్య నేర్పాలి. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల వయసు నుంచీ పునాది దశ అని గొప్పగా ప్రకటించింది. ఆ పునాది వేసే అంగన్‌వాడీ టీచరుకి ఏం రాసిందయ్యా అంటే, ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సో ఏడాది డిప్లొమానో టీవీ చానళ్ల ద్వారా, స్మార్ట్‌ఫోన్ ద్వారా నేర్చుకోవాలని. ఉన్న పని చేస్తూనే. అంటే రాత్రి వంటయ్యాక.

2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. అప్పటికి కార్యకర్త గౌరవ వేతనం నెలకు 11,500 రూపాయలు, ఆయాకి 7,000. కనీస వేతనం కావాలి, గ్రాట్యుటీ కావాలి అన్నారు. గ్రాట్యుటీకి వాళ్లు అర్హులేనని, వాళ్లది తీరిక వేళల్లో చేసే పని అనడం చెల్లదని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్లోనే చెప్పింది. 42 రోజుల సమ్మె. జనవరిలో ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. నేను ఈ సంగతి క్లాసులో ఎత్తాను. అత్యవసర సేవ అయితే అత్యవసరానికి తగ్గ జీతం ఎందుకు లేదు, గౌరవ సేవ అయితే ఎస్మా ఎందుకు అని ఒక అమ్మాయి అడిగింది. దానికి నా నోట్సులో జవాబు లేదు. ఇన్నేళ్లుగా నేను చెబుతున్న శిశు కేంద్రిత విద్య పాఠంలో వేతనం అన్న మాటే లేదు.

ప్రాథమిక బడిలోనూ ఇంతే. మన రాష్ట్రంలో ఈ ఆలోచన బ్రిటిష్ సాయంతో వచ్చిన ఎ.పి.పి.ఇ.పి. రోజుల్లో బడుల్లోకి వచ్చింది. కృత్యాలు, బృందపని, పరిసరాల వినియోగం, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించడం ఇవన్నీ ఆ ఆరు సూత్రాలవే. 1996 నుంచి డి.పి.ఇ.పి. వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్లో ‘శిశు కేంద్రిత’ అన్న మాట చట్టమే అయింది. మంచిదే. కానీ గోడ మీద అంటించే చార్టు ఎవరు కొంటారు? విరిగిన గాజుముక్కలు, గింజలు, ఆకులు, అగ్గిపుల్లలు ఏరుకొచ్చి ‘ఖర్చులేని బోధనోపకరణం’ తయారు చేయమంటారు. ఖర్చులేనిది అంటే డబ్బు ఖర్చు లేనిది. ఆడమనిషి సాయంత్రాలు ఖర్చు కింద ఎవరూ లెక్కవేయరు. 2019 కాల వినియోగ సర్వేలో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి పెడుతున్నారని, పురుషులు 97 నిమిషాలని తేలింది. ఆ 299కి పైన ఈ చార్టులు. ఇంట్లో తల్లి, బడిలో పంతులమ్మ, ఇద్దరూ ఒకే రాత్రి ఒకే రంగు కాగితాలు కత్తిరిస్తుంటారు. పొద్దున ఒకరి పనిని ఇంకొకరు తప్పు పడతారు.

పట్నంలో అయితే దీనికి వ్యాపారులు మార్గం కనిపెట్టారు. స్టేషనరీ షాపులో తయారు ప్రాజెక్టులు దొరుకుతాయి. సౌరకుటుంబం ఒక ధర, అగ్నిపర్వతం ఒక ధర. ‘అన్వేషణ ద్వారా అభ్యసనం’ ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇస్తాడు. కొనలేని తల్లి బిడ్డ ఉత్త చేతులతో నిలబడుతుంది. ఆ బిడ్డకి ఇల్లు గురించి అడిగే కృత్యాలు మరీ గండం. ‘మీ ఇంటి వంటగది బొమ్మ గీయండి.’ ‘మీ నాన్న వృత్తి గురించి అయిదు వాక్యాలు రాయండి.’ ‘మీ వంశవృక్షం వేయండి.’ హాస్టల్ పిల్ల ఏ వంటగది గీయాలి? డ్రైనేజీ శుభ్రం చేసే మనిషి కూతురు ఆ అయిదు వాక్యాలు రాసి అందరి ముందూ చదవాలా? బిడ్డ అనుభవం నుంచి మొదలుపెట్టాలన్న మాట ఎంత మంచిదో, ఆ అనుభవానికి కులం ఉందని తెలియని టీచరు చేతిలో అంత క్రూరమైనది. మా పాఠ్యపుస్తకాల్లోని శిశువుకి కులం లేదు. శిశువు అన్న మాటకి తెలుగులో లింగం కూడా లేదు, ‘అది’ అంటాం. కానీ పేరా తిరగగానే ‘అతడు’ అయిపోతుంది. ‘ఆమె’ అయిన పుస్తకం నా చేతికి ఇంతవరకు రాలేదు.

ఇక ఈ మాటను ఆడపిల్లల మీదికే తిప్పిన ఉదాహరణ ఒకటి ఉంది. మనం దాన్ని మర్చిపోయాం. అనియత విద్య గుర్తుందా? పగలు పనికి పోయే పిల్లల కోసం రాత్రిబడులు. పిల్లల పరిస్థితికి అనుగుణంగా, పిల్లలకి వీలైన వేళలో, పిల్లల జీవితానికి దగ్గరగా ఉండే పాఠాలతో. 1986 జాతీయ విద్యా విధానం దీన్ని పెద్ద ఎత్తున నడపాలంది. మాటలు చూస్తే దీనికన్నా శిశు కేంద్రితం ఇంకేముంటుంది? కానీ ఆ ‘పరిస్థితి’ ఏమిటి? పత్తిచేలో పూత రుద్దడం, తమ్ముణ్ణి మోయడం, అమ్మ కూలికి పోతే గంజి కాయడం. ఆ పరిస్థితిని మార్చకుండా దానికి అనుగుణంగా చదువుని కత్తిరించారు. పన్నెండు గంటలు చాకిరీ చేసిన పిల్ల రాత్రి లాంతరు ముందు తూగుతుంటే దాన్ని సరళమైన విద్య అన్నారు. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు దీన్ని తిరస్కరించారు. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే, ఇంటిపని చేసే పిల్ల కూడా, అందరికీ పగటి బడే కావాలి అన్నారు. అది విద్యావేత్తలు కొందరికి మొరటుగా అనిపించింది. పల్లె బడిలో బెత్తం ఉంది కదా, అలాంటి బడిలోకి ఎందుకు తోస్తారు అన్నారు. ఆడపిల్లకి ఆ బెత్తం ఉన్న బడి కూడా పెళ్లి నుంచి, పొలం నుంచి కొంత అడ్డు. బెత్తం తర్వాత తీసేయొచ్చు. నేను ఎం.వి. ఫౌండేషన్ పక్షమే. బిడ్డ ఎక్కడ ఉందో అక్కడి నుంచి మొదలుపెట్టడం వేరు, ఎక్కడ ఉందో అక్కడే ఉంచడం వేరు. మొదటిదాని పేరు చెప్పి రెండోది చేసినప్పుడు నష్టపోయింది ఎక్కువగా ఆడపిల్లలే.

వయసు సంగతికి వస్తాను. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగు వరకే. పద్నాలుగు దాటగానే చట్టం దృష్టిలో బిడ్డ ఆసక్తి, బిడ్డ వేగం, బిడ్డ అనుభవం అన్నీ ఒక్కసారిగా ఎగిరిపోతాయి. పదో తరగతి దాకా ‘ఆడుతూ పాడుతూ’ అన్న తల్లిదండ్రులే తర్వాత పిల్లని తీసుకెళ్లి ఇంటర్ హాస్టల్లో పడేస్తారు. పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు, వారం వారం ర్యాంకులు. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అదే ఫలితాల్లో తెలుగులో 99 మార్కులు వచ్చిన అమ్మాయికి సున్నా వేశారు. మూడేళ్ల పిల్లకి ఇసుక, రంగులు, బుజ్జగింపు. పదహారేళ్ల పిల్లకి సున్నా. ఎవరూ అడగని దశ ఇదే. ఆ వయసులో శరీరం మారుతుంది, ప్రశ్నలు మారతాయి, ఎవరినో ఇష్టపడుతుంది, కులం అంటే ఏమిటో ఇంట్లోనే తెలిసొస్తుంది. అప్పుడు ఆమె అనుభవం నుంచి పాఠం మొదలుపెడితే ఆ పాఠం ఎటు పోతుందో అందరికీ తెలుసు. అందుకే మొదలుపెట్టరు. మరోపక్క, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి, తెలంగాణలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. నిన్నటి దాకా కేంద్రంలో ఉన్న బిడ్డ ఇవాళ ఇంకో బిడ్డకి అంచు అవుతుంది. రేపు అంగన్‌వాడీలో తల్లుల సమావేశానికి ఆమే వస్తుంది, ‘బిడ్డతో ఆడండి, కథలు చెప్పండి’ అని ఆమెకు చెబుతాం. ఆమెకు కథలు ఎవరూ చెప్పలేదు.

2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన అమ్మ ఒడి పథకం పేరు వినగానే నాకు ఇదే గుర్తొచ్చింది. ఏటా తల్లి ఖాతాలో డబ్బు వేశారు, ఆ డబ్బు ఎందరో స్త్రీలకు ఆసరా అయిందన్నది నిజం, దాన్ని నేను తక్కువ చేయను. కానీ షరతు చూడండి. బిడ్డ హాజరు 75 శాతం. బిడ్డను బడికి పంపే బాధ్యత తల్లి ఒడిదే అని ప్రభుత్వ ఉత్తర్వే చెప్పినట్టయింది. తండ్రికి ఒడి లేదు కాబట్టి షరతూ లేదు.

ఇప్పుడు మా అమ్మ గురించి చెప్పాలి. ఈ వ్యాసం నిజానికి ఆమె గురించే రాయాలనుకున్నాను, థర్మోకోల్ అడ్డొచ్చింది.

మాది నెల్లూరు జిల్లా. 1990లో మా ఊళ్లో అక్షరదీపం మొదలైంది. నాకు ఎనిమిదేళ్లు, అమ్మకి ముప్ఫై మూడు. రాత్రి బువ్వలయ్యాక బడి వరండాలో లాంతరు చుట్టూ ఆడవాళ్లు కూర్చునేవాళ్లు. అమ్మ నా పలక తీసుకుని వెళ్లేది. మొదట్లో ఆమెకు ఇష్టం లేదు. ‘చిన్నపిల్లల మాదిరి నన్ను అ ఆ దిద్దమంటారేందిమే’ అని విసుక్కునేది. ఆ విసుగులో చాలా న్యాయం ఉంది. చదువురాని ఆడదాన్ని పిల్లకింద జమకట్టడం మన వయోజన విద్యకి పాత జబ్బు. కాకి, కుక్క బొమ్మలు చూపించి ఇదేమిటో చెప్పమంటారు. ఇరవై ఏళ్లుగా ఇల్లు నడుపుతున్న మనిషికి కాకి తెలియదా?

కానీ ఆ వాచకంలో సీతమ్మ కథ వచ్చింది. సారా తాగే మొగుడున్న సీతమ్మ, ఊరి ఆడవాళ్లు కలిసి సారా కొట్టు మూయించడం. ఆ రాత్రి పాఠం అక్షరాల దగ్గర ఆగలేదు. ఎవరి మొగుడు ఎంత తాగుతాడు, కూలి డబ్బుల్లో ఇంటికొచ్చేది ఎంత, కొట్టుకు లైసెన్సు ఎవరిస్తారు, ఆ డబ్బు ఎక్కడికి పోతుంది. అమ్మ లెక్కలు అక్కడ నేర్చుకుంది, రోజుకి ఒక ప్యాకెట్ అయితే నెలకి ఎంత అని. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు నిలబడ్డారన్న కబురు ఊరూరా పాకింది. 1992లో మా వైపు ఆడవాళ్లు సారా వేలంపాటలు జరగనివ్వలేదు. అమ్మ ఆ గుంపులో వెనక వరసలో ఉంది. ముందు వరసకి ఎప్పుడూ రాలేదు, కానీ వెళ్లింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాన్ని ఎత్తేశారు.

నా పద్దెనిమిదేళ్ల పాఠంలో నేను చెప్పే సూత్రాలన్నీ ఆ వరండాలో ఉన్నాయి. నేర్చుకునే మనిషి అనుభవం, ఆమె ప్రశ్న, బృందచర్చ, పరిసరాలు. తేడా ఒక్కటే, ఆ ప్రశ్నలు వేసినవాళ్లు చిన్నపిల్లలు కాదు. చిన్నపిల్లలు తమ పరిసరాలను గమనిస్తే చార్టు తయారవుతుంది. ఆడవాళ్లు గమనిస్తే ఖజానాకి కన్నం పడింది. అందుకే ఈ పద్ధతిని పసిపిల్లలకి ధారాళంగా ఇస్తారు, పెద్దలకు ఇవ్వడానికి చేతులు రావు. మహిళా సమత మన రాష్ట్రంలో 1993లో వచ్చింది. బడి మానేసిన అమ్మాయిలకూ పెళ్లయి తిరిగొచ్చినవాళ్లకూ మహిళా శిక్షణ కేంద్రాల్లో శరీరం గురించి, చట్టం గురించి, కూలి గురించి వాళ్ల ప్రశ్నల నుంచే పాఠం నడిపింది. 2016 నాటికి కేంద్రం దానికి నిధులు ఆపేసింది. ఒక్క ఊరేగింపు జరగలేదు. మన పత్రికల్లో కూడా ఎంతమందిమి రాశాం?

ఆ మాటకొస్తే మనమే ఈ విషయాన్ని తక్కువ చూపు చూశాం. వాచకాల్లో అమ్మ వంట చేస్తుంటే నాన్న పేపరు చదువుతున్నాడని, మగపిల్లల బొమ్మలు ఎన్ని, ఆడపిల్లల బొమ్మలు ఎన్ని అని లెక్కలు వేశాం. అవసరమైన పనే. కానీ వాచకం ముందు కూర్చున్న టీచరమ్మ జీతం, పక్కనున్న ఆయా కులం, ఇంటిదగ్గర ప్రాజెక్టు చేసే తల్లి నిద్ర మనకు సాహిత్య విమర్శకి అందని సంగతులయ్యాయి. పసిపిల్లల చదువు అంటే హోం సైన్సు వాళ్ల వ్యవహారం అనుకున్నాం. మాతృత్వం మీద ఎన్నో మంచి కవితలు వచ్చాయి. తల్లి హోంవర్కు మీద నాకు ఒక్కటీ గుర్తు లేదు. ‘రైలుబడి’ని మనం ఎంత ప్రేమించాం! టోటోచాన్‌ని, కొబయాషీ మాస్టారిని తలుచుకుని మురిసిపోతాం. మొదటి బడి నుంచి తీసేశారన్న సంగతి ఆ పిల్లకి ఇరవై ఏళ్లు దాటేదాకా చెప్పకుండా దాచి, ఆమె కోసం ఇంకో బడి వెతికింది తల్లి. ఆమె గురించి ఎవరైనా వ్యాసం రాశారా? నేనూ రాయలేదు. కొబయాషీ మీద మాత్రం రెండు రాశాను.

అమ్మకి ఇప్పుడు అరవై ఎనిమిది. మా దగ్గరే ఉంటుంది. గత ఏడాది ఆమెకు స్మార్ట్‌ఫోన్ కొన్నాం. నేర్పే పని మా అమ్మాయి తీసుకుంది. బడిలో పూర్తిగా శిశు కేంద్రితంగా చదువుకుంటున్న పిల్ల అమ్మమ్మ చేతిలోంచి ఫోను లాక్కుని, టకటక నొక్కి, ‘ఇలా చెయ్యాలి అమ్మమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి’ అనేది. అచ్చం నా చిన్నప్పటి మాస్టారిలా. అమ్మ నాలుగు రోజులు చూసి ఫోను బీరువాలో పెట్టేసింది. నేను కారణం అడగలేదు, వయసు మీద పడింది అనుకున్నాను. ముసలివాళ్లకి నేర్పడం అంటే ఓపిక పట్టడమే అని మనందరి నమ్మకం. వాళ్లకి ప్రశ్న ఉంటుందని తోచదు.

నెల తర్వాత ఆమే బయటికి తీసింది. పింఛను డబ్బు పడినట్టు సందేశం వస్తుందట, అది తనే చదువుకోవాలి. అంతవరకు నా భర్త చదివి చెప్పేవాడు. తెలుగులో అక్షరాలు ఎలా తెప్పించాలో, సందేశం ఎక్కడ ఉంటుందో, అంకెల మధ్య చుక్క ఎందుకో ఒక్కొక్కటే అడిగింది. పాత నోటుబుక్కులో తన చేతిరాతతో రాసుకుంది, నేను చెప్పిన మాటలతో కాదు, తన మాటలతో. ‘పచ్చ బొమ్మ, దాని కింద మూడోది.’ వారంలో వచ్చేసింది. ఆ తర్వాతి ప్రశ్నకి నేను సిద్ధంగా లేను. ఈ ఖాతాకి ఫోను నంబరు అల్లుడిది ఎందుకు ఇచ్చారు, నాది ఎందుకు ఇవ్వలేదు? అలా ఇచ్చింది నేనే. సౌకర్యం కోసం. అరవై ఎనిమిదేళ్ల మనిషి తనకు అవసరమైన చోటు నుంచి నేర్చుకోవడం మొదలుపెట్టి సరిగ్గా అక్కడికే వచ్చింది. బ్యాంకుకి వెళ్లి నంబరు మార్పించడానికి మూడుసార్లు తిరిగాం. మొదటిసారి కౌంటర్లో ఉన్నతను ఆమెతో కాక నాతో మాట్లాడాడు.

పెద్దవయసు చదువుకి వేరే పేరు పెట్టాలని, పిల్లల పద్ధతి పెద్దలకి పనికిరాదని మా శాస్త్రంలో ఒక వాదం ఉంది. పద్ధతి వేరని నేను అనుకోను. చూపించే మర్యాద వేరు. బిడ్డకు ఇస్తున్న మర్యాదలో సగం అమ్మమ్మకి లేదు, ఆ మర్యాదను రోజంతా పంచే అంగన్‌వాడీ టీచరుకి పావు వంతు కూడా లేదు. బోర్డు మీద నేను గీసే వృత్తంలో మధ్యన శిశువు అని రాసే చోట ఈ ఏడాది ఖాళీ వదిలాను. ఎవరి పేరు రాయాలి అని క్లాసుని అడిగాను. గంటసేపు తగువులాడుకున్నారు. సిలబస్ వెనకబడింది.

థర్మోకోల్ సంగతి మిగిలింది. జనవరిలో ఇంకో చీటీ వచ్చింది, ఈసారి నీటి చక్రం నమూనా. దాని వెనక రాసి పంపాను: ‘ఇది మా అమ్మాయి తనంతట తాను చేయగలిగినంతే చేస్తుంది. నేను సహాయం చేయను. దయచేసి తల్లులు అన్న మాట తీసేయండి.’ పిల్ల తనకి తోచినట్టు గిన్నె, నీళ్లు, మూత పట్టుకెళ్లింది. మిగతా పిల్లలవి లైట్లు వెలిగే నమూనాలు. దీనికి బి గ్రేడ్ ఇచ్చారు. చీటీలో మాట మారలేదు. మా అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ‘నీ గొడవకి నా మార్కులు ఎందుకు పోవాలి’ అంది. ఆ ప్రశ్న న్యాయమైనదే. అమ్మమ్మ దానికి ఏదో చెప్పి అన్నం పెట్టింది. ఏం చెప్పిందో ఇద్దరూ నాకు చెప్పలేదు.